నడిచే మేళానికి మైకు పెట్టిన రోజులు

రికార్డింగ్ అనగానే మా రేడియోలో ముందు జరిగే పని ఫ్యాన్ బంద్ చేయడం. ఆ గదిలో ఏసీ లేదు. ఉన్న ఒక్క సీలింగ్ ఫ్యాను గాలికంటే చప్పుడే ఎక్కువ ఇచ్చేది. మే నెల వరంగల్ ఎండలో, పది బై పన్నెండు గదిలో, కిటికీలకు బొంతలు కట్టి, తలుపు మూసి, తొమ్మిది మంది బ్యాండ్ మేళం వాళ్లను నిలబెట్టి "ఫ్యాన్ బంద్ చేస్తున్నం, ఏమనుకోకుండ్రి" అని చెప్పాలంటే నోరు వచ్చేది కాదు. వాళ్లేమో పెళ్లికి వేసుకునే ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, నెత్తిన టోపీలతో సహా వచ్చారు. రేడియోలో బట్టలు కనపడవని వాళ్లకు తెలియక కాదు. "మొదటిసారి రేడియోకు వస్తున్నం, ఊకె వస్తే మర్యాదుంటదా బిడ్డా" అన్నాడు బ్యాండ్ మాస్టర్.

ఇది 2012 ఎండాకాలం మాట. డిగ్రీ అయిపోయి, బీఈడీ సీటు కోసం చూస్తూ, హన్మకొండ పొలిమేరలో కొత్తగా పెట్టిన ఒక కమ్యూనిటీ రేడియోలో అంతకు ముందు ఏడాదే వాలంటీరుగా చేరాను. జీతం లేదు, బస్సు కిరాయి ఇచ్చేవాళ్లు. తర్వాత కొంచెం జీతమూ వచ్చింది, మొత్తం నాలుగేళ్లు అక్కడే ఉన్నాను. మా ఇంట్లో రేడియో అంటే ఆకాశవాణి వరంగల్ కేంద్రమే. "గవర్నమెంటుదా?" అని అడిగాడు మా బాపు. కాదన్నాను. "మరి సిన్మా పాటలేసే ఎఫ్ఎమ్మా?" అదీ కాదన్నాను. "గట్లయితే ఎవలిది?" అంటే ఏం చెప్పాలో నాకూ తెలియలేదు.

ఆ జవాబు శిక్షణలో దొరికింది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మొదట చదువు చెప్పే సంస్థలకు, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు కూడా చిన్న రేడియోలు పెట్టుకునే అనుమతి వచ్చింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబర్‌లో మొదలైన సంఘం రేడియోను నడిపేది సేద్యం చేసుకునే దళిత ఆడవాళ్లే. ఆ సంగతి వినగానే నాకు ధైర్యం వచ్చింది. వాళ్లు మిక్సర్ ముందు కూర్చోగా లేనిది నాకేమైంది అనుకున్నాను. ఇంటికి పోయి బాపుకు చెప్పాను, "మనదే బాపూ" అని.

మా ట్రాన్స్‌మిటర్ 50 వాట్లది. ఇంట్లో వెలిగే పాత గుండు బల్బు అంత. టవర్ 30 మీటర్లు దాటకూడదని నియమం. ఆ బలంతో మా గొంతు పది, పన్నెండు కిలోమీటర్లు పోయేది. మధ్యలో గుట్ట ఉంటే అదీ లేదు. ఎఫ్ఎం తరంగం నేరుగా పోతుంది, గుట్ట ఎక్కి దిగే అలవాటు దానికి లేదు. హన్మకొండలో గుట్టలకు కొదవా? గుట్టకు ఈ పక్క వీధిలో ఖణేల్‌మని వినపడేది, ఆ పక్క వీధిలో గరగర. చాలామంది వినేది ఫోన్లోనే. చెవుల్లో పెట్టుకునే వైరే ఆ ఫోనుకు యాంటెన్నా. వైరు గుంజితే మేం పోయినట్టే.

కార్యక్రమాల్లో కనీసం సగం ఇక్కడి జనంతో తయారైనవే ఉండాలి. వార్తలు, రాజకీయాలు ఉండకూడదు. ఆ రోజుల్లో ఆ నియమం పాటించడం అంటే ఏమిటో వరంగల్‌లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు జరిగింది. ఏ చౌరస్తాకు పోయినా పాట, ఏ టెంటు కింద చూసినా డప్పు. మా రేడియో స్టేషన్‌కు నడిచి పోతుంటే దారి పొడుగునా వినపడే పాటలు, స్టేషన్ మెట్లు ఎక్కగానే ఆగిపోవాలి. ఆ పాటలు మా గదిలోకి రాలేదు. కానీ ఆ పాటల వెంట ఉన్న వాయిద్యాలు వచ్చాయి, వాయించే చేతులు వచ్చాయి. అలా మొదలైంది వారానికొక మేళాన్ని పిలిచి రికార్డు చేయాలన్న ఆలోచన.

మా దగ్గర ఎనిమిది చానళ్ల చిన్న మిక్సర్, పాటగాళ్లు చేతిలో పట్టుకునే మామూలు డైనమిక్ మైకులు నాలుగు, ఒక కండెన్సర్ మైకు ఉండేవి. కండెన్సర్‌కు మిక్సర్ నుంచే 48 వోల్టుల కరెంటు పోవాలి, లేకపోతే అది పలకదు. బయటికి తీసుకుపోవడానికి జూమ్ కంపెనీ చేతి రికార్డర్ ఒకటి, రెండు పెన్సిల్ సెల్లుల మీద నడిచేది. కంప్యూటర్లో రికార్డింగ్‌ను కత్తిరించి అతికించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించాం. అవి బయటి చప్పుడును ఆపవని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గదిలోపల మోత కొంచెం తగ్గుతుంది, అంతే. పనికొచ్చినవి మా అమ్మ, మిగతా వాలంటీర్ల అమ్మలు ఇచ్చిన పాత బొంతలు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టినవి కదా, వాటి ముందు నిలబడి మాట్లాడితే గొంతు ఎంత దగ్గరగా, ఎంత మెత్తగా వచ్చేదో!

ఇవన్నీ చూసుకునేది మైక్ సెట్టన్న. ఆయన అసలు పేరు పిలిచినవాళ్లు తక్కువ. పెళ్లిళ్లకు, సభలకు మైక్ సెట్టు కిరాయికి ఇచ్చే దుకాణంలో పదేళ్లు పనిచేసి మా దగ్గరికి వచ్చాడు. ఇంజనీరింగ్ చదవలేదు. కానీ వైరు జ్యాకు దగ్గర తెగిందా నడుమ తెగిందా అన్నది వేలితో ఆడించి చెప్పేవాడు. శబ్దం గురించి నాకు తెలిసింది ఏమన్నా ఉంటే ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఎర్ర కోట్ల మేళం దగ్గరికి వస్తాను. వాళ్లది ఎల్కతుర్తి వైపు ఊరు. రెండు క్లారినెట్లు, రెండు ట్రంపెట్లు, ఒక సాక్సాఫోన్, ఒక యూఫోనియం అనే పెద్ద ఇత్తడి బాజా, సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, తాళాలు. ఇత్తడివన్నీ మీరట్ నుంచి వచ్చినవే. మన దేశంలో పెళ్లి మేళాలు వాయించే బాజాలు ఎక్కువగా అక్కడే తయారవుతాయి. యూఫోనియం మూతి మీద ఒక సొట్ట ఉంది. బారాత్‌లో ఎవరో తాగి మీద పడ్డారట. ఆ సొట్టను మాస్టర్ గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు, తుడిస్తే పోయేదైనట్టు.

మొదటి చిక్కు వాయించక ముందే వచ్చింది. మాస్టర్ జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. నూట యాభై పాటల జాబితా, అన్నీ సినిమావే. సినిమా పాట వేస్తే రాయల్టీ కట్టాలి, బాజా మీద వాయించినా బాణీ వాళ్లదే. మా దగ్గర ఆ పైసలు లేవు. ఈ ముచ్చట ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు మాదే. మాస్టర్ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. మొహం చిన్నబోయింది. పక్కన యూఫోనియం పెద్దాయన, అప్పటిదాకా నోరు తెరవనివాడు, "సిన్మా లేనప్పుడు మనోళ్లు ఏం వాయించిండ్రో గది వాయిద్దాం తియ్యి" అన్నాడు.

అప్పుడు బయటపడ్డాయి. బోనం ఎత్తుకుని మైసమ్మ గుడికి పోయేటప్పటి నడక. బొడ్రాయి పండుగనాడు ఊరు చుట్టూ తిరిగేటప్పుడు వాయించేది. పెండ్లిలో ఎదురుకోళ్లది. పీరీల పండుగలో అలావ, అంటే నిప్పుల గుండం చుట్టూ ఆడే అసైదుల ఆటకు వాయించేది. సద్దుల బతుకమ్మనాడు చెరువుకు పోయేది ఒక తీరు, నిమజ్జనం అయ్యాక తిరిగి వచ్చేది ఇంకో తీరు. పేర్లు లేవు వాటికి. "మైసమ్మది", "పీర్లది", "చెర్వుది" అని అనుకుంటారు. నోటు పుస్తకంలో ఒక్కటీ రాసి లేదు. రాసుకోవాల్సిన అవసరమే రాలేదని మాస్టర్ అన్నాడు.

ఇక మైకులు. మైక్ సెట్టన్న ఒక్క చూపు చూసి ట్రంపెట్ల వాళ్లను గది మూలకు, గోడ వైపు తిరిగి నిలబడమన్నాడు. పాపం వాళ్లు నొచ్చుకున్నారు. ట్రంపెట్ నాదమంతా మూతిలోంచి బాణంలా వస్తుంది, మైకుకు ఎదురుగా నిలబడితే మిగతా వాయిద్యాలు మునిగిపోతాయి. క్లారినెట్ అట్లా కాదు. నేను మొదట మైకును దాని కింది చివర పెట్టాను, శబ్దం అక్కడినుంచే వస్తుందనుకుని. సన్నగా, ఉత్త గాలిలా వచ్చింది. మైక్ సెట్టన్న మైకును పైకి జరిపి, వేళ్లు ఆడే చోట, జానెడు దూరంలో పెట్టాడు. "గొట్టం పొడుగునా తొర్రలే గద చెల్లె, ఎక్కడ తెరిస్తే అక్కడ్నించే పాట" అన్నాడు. ఎంత మార్పు! పాట ఒళ్లో కూర్చున్నట్టు వచ్చింది. కీలు మూసుకునే టిక్ టిక్ కూడా వినపడుతోంది, వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా. పెండ్లి ఊరేగింపులో ఎన్నిసార్లు విన్నానో క్లారినెట్‌ను. అందులో ఒక మనిషి ఊపిరి ఉందని ఆ రోజే తెలిసింది.

అయినా రికార్డింగ్ కుదరలేదు. మూడు టేకులు తీశాం. మీటర్ ఎర్రగీత దాటకుండా అన్నీ తగ్గించి పెట్టాం, పెద్ద డ్రమ్మును బొంత వెనక పెట్టాం. తప్పులేమీ లేవు. వినిపిస్తే మాత్రం రేకుల షెడ్డులో డబ్బాలు కొట్టినట్టు ఉంది. చెమటకు కోట్లు తడిసి వీపుకు అంటుకున్నాయి. సైడ్ డ్రమ్ము పిల్లవాడు, పదహారేళ్లు ఉంటాయేమో, కళ్లు తిరిగి కూర్చున్నాడు. తలుపు తీసి ఫ్యాన్ వేశాం, ఉప్పేసిన మజ్జిగ తెచ్చాం.

అప్పుడు మాస్టర్ నిదానంగా అన్నాడు. "బిడ్డా, ఏమనుకోకు. నిలవడి వాయించుడు మాకు రాదు. నడుసుకుంట వాయిస్తం. అడుగును వట్టి తాళముంటది. నిలవడితే అందరం ఒకల మొకం ఒకలు సూసుకుంట వాయిస్తున్నం. గది తప్పు."

మైక్ సెట్టన్న, నేను ఒకరినొకరం చూసుకున్నాం. ఇంత చిన్న సంగతి మాకు తట్టలేదు. ఆయన ఏమీ అనకుండా వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఐదున్నరకు ఎండ వాలాక, స్టేషన్ ముందు గేటు నుంచి వేపచెట్టు దాకా ఉండే మట్టి దారిలో రికార్డు చేశాం. చెట్టు కింద స్టూలు, స్టూలు మీద జూమ్ రికార్డర్, అంతే. మేళాన్ని గేటు అవతలికి పంపాం. అక్కడినుంచి వాయించుకుంటూ వచ్చి, మమ్మల్ని దాటి, వెనక గోడ దాకా పోవాలి. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని నేలమీద కూర్చున్నాను. మొదట పెద్ద డ్రమ్ము ఒక్కటే వచ్చింది, ఎక్కడో దూరంగా, చెవికంటే ముందు కడుపులో తగిలినట్టు. తర్వాత ట్రంపెట్లు. ఇంకా దగ్గరికి వస్తే క్లారినెట్లు, సైడ్ డ్రమ్ము. స్టూలు పక్కనుంచి పోతున్నప్పుడు మట్టిలో తొమ్మిది జతల చెప్పుల చప్పుడు కూడా పడింది, సరిగ్గా తాళం మీద. ఎడమ చెవిలో మొదలైన మేళం కుడి చెవిలోకి పోయి, మెల్లగా పల్చబడి, మళ్లీ డ్రమ్ము ఒక్కటే మిగిలింది. మధ్యలో రోడ్డు మీద ఆర్టీసీ బస్సు హారన్ కొట్టింది. దాన్ని తీసేద్దామా అని నేను అడిగితే మైక్ సెట్టన్న వద్దన్నాడు. మేళం పోతుంటే బస్సు హారన్ కొట్టకుండా ఉంటుందా, ఉండనీ అన్నాడు. చిన్నప్పుడు ఇంట్లో పండుకుని, వీధి చివర పెండ్లి వస్తోందని విని గేటు దాకా ఉరికే పిల్లకు ఎట్లా వినపడుతుందో అచ్చం అట్లా ఉంది.

ఆదివారం సాయంత్రం ప్రసారం చేశాం. ఆరు నిమిషాలు, నడుమ ఒక్క మాట లేకుండా. వాళ్ల ఊరు మా టవర్‌కు అందదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ తొమ్మిది మందీ ఇంటివాళ్లతో సహా రెండు ట్రాలీ ఆటోల్లో హన్మకొండ వచ్చి, బాలసముద్రంలో ఒక చుట్టాలింటి డాబా మీద కూర్చుని, ఫోన్లలో విన్నారట. మూడు ఫోన్లు, ఒక్కో వైరుకు ఇద్దరు. మళ్లీ మొదటినుంచి వేయమని ఫోన్ చేశారు. వేశాం. ఆ రోజు మా ఇంచార్జ్ కూడా ఏమీ అనలేదు.

దాని తర్వాత ఎవరినీ గదిలో కట్టిపడేయలేదు. ఏ వాయిద్యం ఎక్కడ పుట్టిందో అక్కడికి మేమే పోవడం నేర్చుకున్నాం. ఒగ్గు డోళ్ల బృందానిదీ అంతే. ఒగ్గు కథ చెప్పేవాళ్లది మాటా, పాటా, అడుగూ, డోలూ కలిసి ఒకటే ఒళ్లు. డోలు మెడలో వేసుకుని ఎగురుతూ కొడతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి కొడతారు. వాళ్ల ముందు మైకు పెడితే మైకు ఒక చోట, డోలు ఒక చోట. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఉంటుంది కదా, ఆ రోజుల్లో వాళ్లు దొరకరు. జాతర అయిపోయాక ఒక మల్లన్న పట్నం, అంటే ముగ్గు వేసి చేసే మల్లన్న కొలుపు దగ్గరికి మమ్మల్నే రమ్మన్నారు. ఎనిమిది డోళ్లు ఒకేసారి లేస్తే రికార్డర్ ఎంత తగ్గించినా ఎర్రగీత దిగలేదు. మైక్ సెట్టన్న దాన్ని తీసుకుపోయి పక్కింటి వాకిట్లో, గోడ చాటున పెట్టాడు. గోడ దాటి వచ్చిన చప్పుడే బాగా పడింది. కథ చెప్పే పెద్దాయన గొంతుకు మాత్రం వేరే మైకు పెట్టాం. విరామంలో ఆయన చుక్క సత్తయ్య గారి గురించి చెప్పాడు. మాణిక్యాపురం సత్తయ్య గారు ఒగ్గు కథను దేశమంతా వినిపించినవారు, తర్వాత సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు, 2017లో పోయారు. ఆయన గొంతు ఎత్తితే మైకు లేకుండా ఊరి ఆ కొస దాకా ఇనవడేదని ఈ పెద్దాయన చెబుతుంటే, డోళ్ల పిల్లలు పసుపు చేతులతో అట్లాగే కూర్చుని విన్నారు. ఆ మాటలు కూడా రికార్డయ్యాయి. నాకు ఆ డోళ్లకంటే ఆ నాలుగు నిమిషాలే ఇష్టం.

ఇట్లా మూడేళ్లలో మేం రికార్డు చేసిన మేళాలు అరవైకి పైనే. వీటిలో ఇప్పుడు ఎన్ని ఉన్నాయంటే నాకు గుండె పట్టేస్తుంది.

ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్ని మూడు నెలలు దాచి ఉంచాలని లైసెన్సు నియమం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించడానికి. మూడు నెలల తర్వాత దాచాలని ఎక్కడా లేదు. అసలు రికార్డింగ్ నిమిషానికి పది ఎంబీ తింటుంది. మా కంప్యూటర్ డిస్కు 320 జీబీ. నిండినప్పుడల్లా మూడు నెలలు దాటినవి తీసేయడమే. ఆ పని చేసేది నేనే. నెల మొదటి తారీఖున కూర్చుని, జాబితా చూసి, ఒక్కొక్కటీ డిలీట్ కొట్టేదాన్ని. మళ్లీ పిలిస్తే వస్తారు కదా, మళ్లీ రికార్డు చేద్దాం అనుకునేదాన్ని. ఎర్ర కోట్ల యూఫోనియం పెద్దాయన 2014లో పోయాడు. ఆ పాత బాణీలు ఎక్కువ తెలిసింది ఆయనకే. మళ్లీ పిలవడానికి ఎవరిని పిలవాలి? ఇరవై రెండేళ్ల పిల్లకు అంత ముందుచూపు ఎక్కడిది అంటుంది మా అమ్మ. అయినా ఆ డిలీట్ మీట మీద నా వేలు నాకిప్పటికీ గుర్తుంది.

కొన్ని బతికాయి. అవి బతికింది మా వల్ల కాదు. వచ్చినవాళ్లందరూ పోతూ పోతూ "మాకొక కాపీ ఎక్కియ్యి బిడ్డా" అని ఫోన్ ఇచ్చేవాళ్లు. రెండు జీబీ మెమరీ కార్డులు. ఎంపీత్రీ చేసి ఎక్కించేదాన్ని. అవి ఊళ్లో రీచార్జ్ దుకాణానికి పోయి, అక్కడినుంచి ఇంకో ఫోన్లోకి, ఇంకో ఫోన్లోకి పోయేవి. ఎర్ర కోట్ల మాస్టర్ పెండ్లి బేరానికి పోయినప్పుడు ముందు ఆ ఆరు నిమిషాలే వినిపించేవాడట, బస్సు హారన్‌తో సహా. మొన్న సంక్రాంతికి ఆయన కొడుకు, అప్పట్లో కళ్లు తిరిగి కూర్చున్న సైడ్ డ్రమ్ము పిల్లవాడే, అది నాకు వాట్సాప్‌లో పంపాడు. ఇప్పుడు మేళం అతనిదే, డీజేల కాలంలో కూడా నడిపిస్తున్నాడు. శబ్దం అరిగిపోయింది, ఎన్ని చేతులు మారిందో. చెప్పుల చప్పుడు మాత్రం ఇంకా తాళం తప్పలేదు.

నేను సొంతంగా దాచుకున్నవి పదకొండు. అందులో ఒకదాని గురించి చెప్పకుండా ఉండలేను.

పరకాల వైపు నుంచి ఒక డప్పు తాత వచ్చాడు, 2013 వానాకాలంలో. వెంట ఇద్దరు నడీడు మనుషులు. తాత గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. ఎన్నిసార్లు రమ్మన్నా "ఈడ మంచిగనే ఉన్నది" అంటాడు. ఎందుకు రావడం లేదో నాకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నోట మాట రాలేదు. మైక్ సెట్టన్న పోయి తాత డప్పును తన చేతుల్లోకి తీసుకుని లోపలికి నడిచాడు. డప్పు వెంట తాత వచ్చాడు.

వానాకాలం కదా, తోలు మెత్తబడి డప్పు పలకడం లేదు. బయట ఎండు ఆకులు, పాత పేపర్లు పెట్టి మంట వేసి కాచుకొచ్చారు. వేడి మీద కంగుమంటుంది, పది నిమిషాలకు మళ్లీ దిగిపోతుంది. కాచినప్పుడల్లా శ్రుతి ఒక వెంట్రుక మారుతుంది. ఒక టేకు మొదటి సగం, ఇంకో టేకు రెండో సగం అతికిద్దామంటే కుదరదు. అతుకు వినపడుతుంది. కొడితే మొదటినుంచి చివరిదాకా కొట్టాల్సిందే. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. పెండ్లి దెబ్బ, జాతర దెబ్బ, చాటింపు దెబ్బ, ఒకదాని వెంట ఒకటి కొట్టారు. మనం అన్నిటినీ డప్పు చప్పుడు అనేస్తాం గానీ, ఊళ్లో వాళ్లు ఇంట్లో కూర్చుని వినే చెప్పేస్తారు, ఎక్కడ ఏం జరుగుతోందో.

నేను సావు దెబ్బ కూడా కొట్టమన్నాను. ముగ్గురూ ఆగిపోయారు. "ఇంట్ల కొట్టద్దు బిడ్డా" అన్నాడు తాత. "నీకు పెండ్లి గావాలె. గిది ఇల్లు గాదంటవా, పదిమంది పని జేసుకునే తావు. కప్పు కింద వద్దు." రేపు పొద్దున చెరువు కట్టకు రమ్మన్నాడు.

పొద్దున ఆరున్నరకు వాళ్ల ఊరి చెరువు కట్ట మీద ఉన్నాం. గాలి విపరీతంగా ఉంది. రికార్డర్‌లో గాలి తప్ప ఏమీ పడటం లేదు. నా చున్నీ తీసి మూడు చుట్లు చుట్టాను, అప్పటికి లొంగింది. తాత ఒక్కడే కొట్టాడు. మావైపు తిరగలేదు, నీళ్లవైపు తిరిగి కొట్టాడు. నిదానంగా మొదలై, నడక అందుకుని, ఒక చోట ఆగుతుంది, పాడెను కిందికి దించే దింపుడు కళ్లం దగ్గర. ఆ ఆగడం తర్వాత దెబ్బ మారుతుంది. తొమ్మిది నిమిషాలు. కట్ట కింద బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు చేతులు ఆపి నిలబడ్డారు.

హెడ్‌ఫోన్ తాత చెవులకు పెట్టాను. డెబ్బై ఏళ్ల మనిషి, తను కొట్టింది తను వినడం అదే మొదటిసారి. కళ్లు మూసుకుని తొమ్మిది నిమిషాలూ విన్నాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. హెడ్‌ఫోన్ తీసి, "కళ్లం కాడ మలుపుల ఒక్క దెబ్బ వోయింది" అన్నాడు. వెనక్కి తిప్పి విన్నాం. నాకు తెలియలేదు. మైక్ సెట్టన్నకూ తెలియలేదు. తాత వెంట ఉన్న ఇద్దరు మాత్రం తల దించుకున్నారు, వాళ్లకు తెలిసింది. మళ్లీ తీద్దామంటే సెల్లులు అయిపోయాయి. పరవాలేదు తాతా, ఎవరికీ తెలియదులే అన్నాను.

"ఇనేటోనికి ఎరుక గాదు బిడ్డా," అన్నాడు. "వోయినోనికి ఎరుకయితది."

ఆ వారం కార్యక్రమం ఆపేశాం. ఎనిమిదో రోజు పొద్దున నేను గేటు తీసేసరికి తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొదటి బస్సుకు, సొంత కిరాయి పెట్టుకుని, ఒక్కడే వచ్చాడు. ఒళ్లో డప్పు, వానకు తడవకుండా యూరియా సంచిలో చుట్టి ఉంది. పని ఒక్కటే, ఆ ఒక్క దెబ్బ. మళ్లీ కప్పు కిందికి రానన్నాడు. వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి ఆటోలో పోయాం. కాగితాలు ముట్టించి డప్పు కాచుకున్నాడు. బొటనవేలితో తట్టి చూసి, ఇంకొంచెం కాచాడు. నేను చున్నీ చుట్టాను. కొట్టాడు, మొదటినుంచి చివరిదాకా. కళ్లం దగ్గర ఆగాడు, మలిపాడు. విన్నాడు.

హెడ్‌ఫోన్ నా చేతికిచ్చి, డప్పును మళ్లీ సంచిలో చుడుతూ అన్నాడు, "ఇగ ఇడువు బిడ్డా, గాలికి."